రెండో కుండ

షిలియు పట్నం ఆసుపత్రిలో
మందులు మరిగించే గదిలో
రెండు కుండలకీ మంట పెట్టేది నేనే.

మొదటి కుండలో షియా కు త్సావ్.
నడివేసవిలో ఎండిపోయే గడ్డి అని అర్థం.
లోకమంతా పచ్చగా ఒళ్లు విరుచుకునే వేళ
ఇదొక్కటీ ఊదారంగు కంకి దించుకుని
తుప్పురంగుకి తిరుగుతుంది.
అందుకే, అనేది మా మేనత్త,
తను వాడినట్టే మెడలో బిళ్లనీ వాడగొడుతుందని.
పోలికే రుజువు ఆవిడకి.
నవ్వలేను.
నా చెవుల కింద గవద బిళ్లలు కట్టినప్పుడు
తొమ్మిది రోజులు తాగించింది, పదో రోజుకి తగ్గాయి.
తాగించకపోతే ఎన్నో రోజుకి తగ్గేవో
అడగాలని ఎవరికీ తోచలేదు.

రెండో కుండలో
మాడ్చిన బార్లీ, ఇంత కాకర, చిటికెడు రంగు.
ఏ గుణమూ లేని చేదు.
అది కుదరడానికి నెల పట్టింది.
డాక్టర్ చూ వెన్‌షువో రోజూ చెంచాడు చప్పరించి
తల అడ్డంగా ఊపేవాడు:
"ఇంకా నమ్మేలా లేదు."
అసలు మందు కన్నా ఉత్తుత్తి మందు వండటమే కష్టమని
అప్పుడే తెలిసింది.

సీసాల్లో నేను పోస్తాను.
పక్క గదిలో ముసలి క్వీ అంకెలు అంటిస్తాడు.
అంకెలు నేను చూడను, పిల్లల మొహాలు అతను చూడడు.
ఏ అంకె ఏ కుండదో
ఇనప బీరువాలో, లక్క వేసిన కవరులో.
అందరి కళ్లకీ గంతలు కట్టారు గానీ
నా ముక్కు సంగతి మరిచిపోయారు.

మా చెల్లెలి కొడుకు నియాన్‌చూ, ఆరేళ్లవాడు,
దవడ కింద రేగుపండంత బిళ్లతో
"పెద్దమ్మా!" అని మీదికి దూకాడు.
నోటినిండా
మాడిన బార్లీ వాసన.

పద్దెనిమిది రోజులు
నా నాలుక కింద గులకరాయి.
అంగీ జేబులో గుప్పెడు కంకులు దాచుకుని
రెండుసార్లు వాళ్ల మెట్ల దాకా వెళ్లాను.
రెండుసార్లూ వంకాయల ధర మాట్లాడి వచ్చేశాను.

పందొమ్మిదో రోజుకి రేగుపండు శనగగింజ అయింది.
చెల్లెలు నా చేతులు పట్టుకుని ఊపేసింది.
"చూశావా, అత్త మాట ఎప్పుడైనా తప్పిందా!"
నవ్వాను.
ఆ నవ్వు కూడా రెండో కుండలోదే.

షూజిన్ అనే పిల్లకి పదకొండేళ్లు.
ఆమె ఊపిరిలో అసలు కంకుల వాసన, స్పష్టంగా.
రాత్రిళ్లు చెమటలు. బిళ్ల తగ్గలేదు, రాయిలా బిగిసింది.
"ఇంకో వారం తాగిస్తే?" అని వాళ్లమ్మ.
"వద్దు" అని డాక్టర్ చూ
ఆ సాయంత్రమే కారెక్కించి హెఫెయ్‌కి పంపాడు.
తర్వాతేమైందో మాకు ఉత్తరం రాలేదు.

చలికాలంలో కవరు విప్పారు.
నూట నలభై ఆరు మెడలు.
రెండు కుండల మధ్య తేడా ఒకటిన్నర మిల్లీమీటరు,
మొదటి కుండ వైపే.
నా గుండె గంతేసింది, దాచుకోవడమెందుకు.
కానీ డాక్టర్ ఆ అంకెకి అటొకటి ఇటొకటి అంకెలు రాశాడు.
వాటి నడుమ సున్నా
పిలవని చుట్టంలా కాళ్లు చాపుకుని కూర్చుంది.
"అంటే, పనిచేసినట్టా, లేనట్టా?"
"తెలియదన్నట్టు. ఇంకా చాలా మెడలు కావాలి."
తెలియదు అనే ఒక్క ముక్క కోసం
పద్నాలుగు నెలలు మరిగించాను,
మూడు కుండలు పగలగొట్టాను.

మళ్లీ జూన్.
కాలవ గట్టున కంకులు తుప్పు పట్టాయి.
కొడవలి తీసుకెళ్లి కోసుకొచ్చాను.
ఎండ దాహానికి తేనె కలుపుకుని తాగుతున్నాను,
నాకా చేదు ఇష్టం, అంతే.
మెడ తడుముకోను.
చెల్లెలొచ్చి పిల్లాడి కోసం ఒక కట్ట అడిగింది.
ఇచ్చాను. ఇస్తూ అన్నాను:
"రెండు వారాల్లో తగ్గకపోతే దీన్ని నమ్ముకుని కూర్చోకు."
వాన మొదలైంది. గబగబా మెట్లు దిగింది.
కట్ట ఒక్కటే పట్టుకెళ్లిందో,
మాట కూడా పట్టుకెళ్లిందో.